ప్లూటో, ఎరిస్: రెండు బారసాలలు

రెండు శీర్షికలను పక్కపక్కన పెట్టుకుని ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను.

మొదటిది 1930 మార్చి 13 నాటిది. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉన్న లోవెల్ అబ్జర్వేటరీ ఆ రోజు ఒక సర్క్యులర్ విడుదల చేసింది. నెప్ట్యూన్‌కు అవతలిదిగా అనిపిస్తున్న ఒక సౌరకుటుంబ వస్తువు దొరికిందని దాని శీర్షిక సారాంశం. అందులో ‘గ్రహం’ అన్న మాట లేదు. ‘అనిపిస్తున్న’ అన్న మాట మాత్రం ఉంది.

రెండోది 2005 జూలై 29 నాటిది, నాసా ప్రకటన శీర్షిక. తమ నిధులతో పనిచేస్తున్న శాస్త్రవేత్తలు పదో గ్రహాన్ని కనుగొన్నారని అది సూటిగా చెప్పింది. అనుమానానికి అందులో చోటు పెట్టలేదు.

మొదటి శీర్షిక జంకుతూ చెప్పినదాన్ని లోకం డెబ్బై ఆరేళ్లు గ్రహమని పిలిచింది. మా తరం బడిపిల్లలు తొమ్మిది పేర్లను ఒక్క ఊపిరిలో అప్పజెప్పి, చివర్న ‘ప్లూటో’ అని గట్టిగా అరిచి కూర్చునేవాళ్లు. రెండో శీర్షిక ఢంకా బజాయించి చెప్పిన గ్రహానికి పదమూడు నెలలు తిరక్కముందే ఆ హోదా లేకుండా పోయింది. పోతూ పోతూ అది ప్లూటోను కూడా వెంట తీసుకుపోయింది.

ఈ రెండు కథలనూ ఇప్పటిదాకా ఎక్కువమంది ఒకే పద్ధతిలో చెప్పారు. పొలం నుంచి వచ్చిన కుర్రాడు కనిపెట్టి, పదకొండేళ్ల పాప పేరు పెట్టిన ప్లూటో కథ ముద్దుగా ఉంటుంది కాబట్టి దానికి ప్రేమ దక్కింది. గొడవల మధ్య పుట్టి, గొడవల దేవత పేరు మోస్తున్న ఎరిస్‌కు నింద దక్కింది. ఈ పంపకం నాకు న్యాయంగా తోచదు. వెతుకులాట, ప్రకటన, నామకరణం, ఆ తర్వాతి బతుకు అనే నాలుగు చోట్ల ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి చూస్తే తీర్పు వేరేగా వస్తుంది. ప్రకటనలో 1930 మిన్న. నామకరణంలో 2006 మిన్న. ప్రకటనలో పడిన తొందరను దిద్దుకోవచ్చు, పేరు పెట్టడంలో పడిన తొందరను దిద్దుకోవడానికి తరాలు పడతాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

వెతుకులాట

క్లైడ్ టాంబా కాన్సాస్‌లో రైతు కొడుకు. వడగళ్ల వాన పంటను తుడిచిపెట్టడంతో కాలేజీ చదువు ఆశ వదులుకున్నాడు. పాత కారు భాగాలతో, పొలం పనిముట్ల ముక్కలతో సొంతంగా టెలిస్కోపులు కట్టుకున్నాడు. వాటిలోంచి చూసి గీసిన కుజుడి బొమ్మలు, గురుడి బొమ్మలు లోవెల్ అబ్జర్వేటరీకి పంపితే అక్కడి డైరెక్టర్ వెస్టో స్లైఫర్ ఉద్యోగమిచ్చి పిలిపించాడు. 1929 జనవరిలో ఫ్లాగ్‌స్టాఫ్‌లో రైలు దిగేనాటికి అతనికి ఇరవై మూడేళ్లు కూడా నిండలేదు.

అతనికి అప్పగించిన పని చెప్పడానికి చిన్నది. పదమూడు అంగుళాల టెలిస్కోపుతో ఆకాశంలో ఒక్కో ముక్కను గంటసేపు గాజు ఫలకం మీదికి ఫొటో తీయాలి. కొన్ని రోజుల తర్వాత అదే ముక్కను మళ్లీ తీయాలి. పద్నాలుగు అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల పొడవు ఉన్న ఆ ఫలకాలను ‘బ్లింక్ కంపారేటర్’ అనే యంత్రంలో పక్కపక్కన బిగించాలి. కంటికి ఒకసారి ఈ ఫలకం, మరుక్షణం ఆ ఫలకం కనిపిస్తాయి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. కదిలేది ఏదైనా ఉంటే ఆ చుక్క అటూ ఇటూ గెంతుతుంది. ఒక్కో ఫలకం మీద లక్షల చుక్కలుంటాయి. యంత్రపు కంటి కటకంలో కనబడే చిన్న చతురస్రాన్ని ముగించి పక్కదానికి జరగాలి, అక్కణ్నుంచి ఆ పక్కదానికి. పగళ్లు ఇలా, రాత్రులు చలిలో టెలిస్కోపు దగ్గర. ఏడాది గడిచింది. 1930 ఫిబ్రవరి 18న సాయంత్రం నాలుగు గంటల వేళ, మిథున రాశిలోని ఒక నక్షత్రం పక్కన చిన్న చుక్క ఒకటి గెంతింది. జనవరి 23 ఫలకానికీ జనవరి 29 ఫలకానికీ మధ్య అది జరిగిన దూరం మూడున్నర మిల్లీమీటర్లు.

ఎరిస్‌ను వెతికిన తీరు పైకి దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాలిఫోర్నియాలో పాలోమార్ కొండ మీది 48 అంగుళాల టెలిస్కోపును మనిషి తాకనక్కర్లేదు. అది తనంతట తానే ఒకే ముక్కను గంటన్నర ఎడంతో మూడుసార్లు ఫొటో తీస్తుంది, కంప్యూటర్ ఆ మూడింటినీ పోల్చి కదిలినవాటిని ఏరుతుంది. ఖగోళ శాస్త్రవేత్తలు మైక్ బ్రౌన్, చాడ్ ట్రుహియో, డేవిడ్ రాబినోవిట్జ్ ఉదయం వచ్చి కంప్యూటర్ ఏరిపెట్టినవి చూసుకుంటారు. తప్పుడు గుర్తులు గుట్టలుగా వచ్చిపడకుండా గంటకు ఒకటిన్నర ఆర్క్ సెకండ్ల కంటే నెమ్మదిగా కదిలేవాటిని వదిలేయమని మొదట కంప్యూటర్‌కు చెప్పారు. ఆ లెక్కలోనే ఎరిస్ జారిపోయింది. దాని ఫొటో 2003 అక్టోబర్ 21నే పడినా ఎవరికీ కనబడలేదు. ఆ మరుసటి నెలలో సెడ్నా అనే మరో దూరపు వస్తువు దొరికింది. అది ఆ గీతకు కాస్త పైన మాత్రమే కదులుతోంది. అయితే గీత కింద కదిలే ఇంకా దూరపువి ఉండొచ్చు కదా అన్న ఆలోచనతో గీతను కిందికి జరిపారు. తప్పుడు గుర్తులు పోటెత్తాయి. వాటిని వడకట్టడానికి యంత్రం చాల్లేదు, కన్నే కావలసివచ్చింది. 2005 జనవరి 5న బ్రౌన్ తెర మీద ఆ మూడు ఫొటోలు చూశాడు. 2004 డిసెంబర్ 31లోగా కొత్త గ్రహం దొరుకుతుందని ఆయన ఒక స్నేహితురాలితో పందెం కాసి ఉన్నాడు. గడువు దాటి ఐదు రోజులైంది.

ఇక్కడ టాంబాకు చెమట, బ్రౌన్‌కు కంప్యూటర్ అని విడదీసి ఒకరిని ఎక్కువ చేయడం సరికాదు. ఇద్దరూ జయించింది ఒకే అడ్డంకిని. ‘ఇక్కడ ఏమీ ఉండదు’ అని ముందే గీసుకున్న గీతను ఇద్దరూ దాటారు. ఈ కథలకు మరో పోలిక కూడా ఉంది. లోవెల్ అబ్జర్వేటరీని స్థాపించిన పెర్సివల్ లోవెల్ బతికుండగానే, 1915లో, అక్కడి ఫలకాల మీద ప్లూటో రెండుసార్లు పడింది. ఎవరూ గుర్తించలేదు, మరుసటి ఏడాది లోవెల్ కన్నుమూశాడు. ఎరిస్ కూడా 1954 నాటి ఒక పాత ఫొటోలో ఉందని తర్వాత తేలింది. రెండూ మన సొరుగుల్లో ఎన్నో ఏళ్లు పేరు లేకుండా పడి ఉన్నాయి. ఈ సంగతి చివర్లో మళ్లీ కావాలి.

ప్రకటన

టాంబా చుక్కను చూసిన రోజుకూ సర్క్యులర్ వెలువడిన రోజుకూ మధ్య ఇరవై మూడు రోజుల ఎడం ఉంది. ఆ రోజుల్లో స్లైఫర్ ఆ చుక్కను మళ్లీ మళ్లీ ఫొటో తీయించాడు, పెద్ద టెలిస్కోపుతో చూశాడు. చూసినకొద్దీ అనుమానం పెరిగింది. నెప్ట్యూన్ అవతల ఉంటుందని లోవెల్ ఊహించిన ‘ప్లానెట్ ఎక్స్’ ఆయన లెక్క ప్రకారం భూమికి దాదాపు ఏడు రెట్ల బరువుండాలి. దొరికిన చుక్క ఆ లెక్క కంటే చాలా మసకగా ఉంది, ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా బిళ్లలా విప్పారలేదు. అందుకే శీర్షికలో ‘గ్రహం’ అనలేదు. అయితే ప్రకటన తేదీ లోవెల్ పుట్టినరోజు, పైగా 1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్న రోజు. మాటలు జాగ్రత్తగా ఉన్నాయి, ముహూర్తం మాత్రం ముందే తీర్పు చెప్పేసింది. పత్రికలు ముహూర్తాన్ని విన్నాయి, మాటలను వినలేదు.

బ్రౌన్ బృందానికి ప్రకటన సమయం తామే ఎంచుకునే వీలు దొరకలేదు. తీరిగ్గా కొలతలు పూర్తిచేసి, వ్యాసాలు రాసి, అప్పుడు చెబుదామని వాళ్లు దాదాపు ఏడు నెలలు ఆగారు. 2005 జూలై చివర్లో స్పెయిన్‌లోని ఒక బృందం మరో దూరపు వస్తువును ప్రకటించింది. అదీ బ్రౌన్ బృందం అంతకుముందే చూసి, కొలుస్తూ దాచిపెట్టుకున్నదే. ఇప్పుడు దాన్ని హౌమియా అంటున్నాం. టెలిస్కోపు ఎటు తిరిగిందో చెప్పే రికార్డులు ఇంటర్నెట్‌లో బయటివాళ్లకు కూడా కనబడుతున్నాయని బ్రౌన్‌కు తెలిసింది. తమ దగ్గరున్న మిగతా రెండు వస్తువులూ చేజారకముందే ఆ రోజే విలేకరులకు చెప్పేశాడు. ఆ రెండింటిలో ఒకటి ఎరిస్. హౌమియా ఎవరిదన్న తగువు ఈనాటికీ పూర్తిగా తీరలేదు. దానికి దొరికిన చోటుగా స్పెయిన్‌ను రాశారు, పేరు బ్రౌన్ బృందం సూచించినది పెట్టారు, కనుగొన్నవారి పేరు ఖాళీగా వదిలేశారు.

ఆ హడావిడిలో చెప్పిన మాటల్లో ఒకటి, కొత్తది ప్లూటో కంటే పెద్దదని. 2010లో ఎరిస్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు కొలిస్తే దాని వ్యాసం 2,326 కిలోమీటర్లని తేలింది. 2015 జూలైలో న్యూ హొరైజన్స్ వ్యోమనౌక దగ్గరికి వెళ్లి కొలిస్తే ప్లూటో వ్యాసం 2,377 కిలోమీటర్లు. అంటే పరిమాణంలో ప్లూటోయే కాస్త పెద్దది. బరువులో మాత్రం ఎరిస్ సుమారు 27 శాతం ఎక్కువ. పదో గ్రహమన్న మాటా నిలవలేదు, పెద్దదన్న మాటా నిలవలేదు. స్లైఫర్ సర్క్యులర్ శీర్షిక తొంభై ఏళ్లు దాటినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేకుండా నిలిచింది. ప్రకటన అనే కళలో అదే పైచేయి. అందులో నాకు సందేహం లేదు.

పేరు

ఇక్కణ్నుంచి త్రాసు ఎరిస్ వైపు మొగ్గుతుంది.

మార్చి 14న ఆక్స్‌ఫర్డ్‌లో ఉదయం ఫలహారం దగ్గర ఒక తాత పేపర్లో వార్త చదివి వినిపించాడు. ఆయన ఫాల్కనర్ మాడన్, బోడ్లియన్ లైబ్రరీకి లైబ్రేరియన్‌గా చేసి విరమించినవాడు. పదకొండేళ్ల మనవరాలు వెనీషియా బర్నీకి పురాణాలంటే ఇష్టం. చీకటి లోకాన్ని ఏలే ప్లూటో పేరు పెట్టొచ్చు కదా అంది. పేర్లు పెట్టడం ఆ ఇంటికి కొత్త కాదు. కుజుడి రెండు ఉపగ్రహాలకు ఫోబోస్, డీమోస్ అన్న పేర్లు సూచించింది ఆ తాతగారి అన్నే. మాడన్ ఆ మాటను ఖగోళ శాస్త్రవేత్త హెర్బర్ట్ టర్నర్ చెవిన వేశాడు, టర్నర్ ఫ్లాగ్‌స్టాఫ్‌కు తంతి కొట్టాడు. అక్కడ అప్పటికే పేర్లు కుప్పలుగా వచ్చిపడుతున్నాయి. లోవెల్ భార్య కూడా కొన్ని సూచించింది, వాటిలో భర్త పేరూ తన పేరూ ఉన్నాయి. చివరికి మినర్వా, క్రోనస్, ప్లూటో మిగిలాయి. అబ్జర్వేటరీ సిబ్బంది అందరూ ప్లూటోకే ఓటేశారు. మే 1న పేరు ప్రకటించారు. ఇంగ్లీషులో ఆ పేరులోని మొదటి రెండు అక్షరాలు ‘పి’, ‘ఎల్’ పెర్సివల్ లోవెల్ ఇంటిపేరూ ఒంటిపేరూ గుర్తుచేస్తాయి, వాటిని కలిపే ఆ గ్రహానికి గుర్తు గీశారు.

పేరుగా చూస్తే ఇంతకంటే మంచి పేరు అరుదు. దూరం, చలి, చీకటి అన్నీ అందులో ఉన్నాయి. ఎదుటివాళ్లకు కనబడకుండా తిరగగల దేవుడు ఆయన, ఎన్నో ఏళ్లు కనబడకుండా తప్పించుకున్న వస్తువుకు అది అతికినట్టుంది. లోవెల్ రుణం తీరింది, కానీ లోవెల్ పేరు ఆకాశానికి ఎక్కలేదు. ఆ సంయమనం గొప్పది. హెర్షెల్ తాను కనుగొన్న గ్రహానికి ఇంగ్లండ్ రాజు జార్జి పేరు పెట్టాలని పట్టుబట్టాడు, అది నిలవలేదు. జర్మనీకి చెందిన బోడె సూచించిన యురేనస్ నిలిచింది. నెప్ట్యూన్‌కు లవెర్యే తన పేరే పెట్టుకోజూశాడు, అదీ నిలవలేదు. తోకచుక్కల సంగతి వేరు. హైదరాబాద్‌లో పెరిగిన వైనూ బాప్పు 1949లో హార్వర్డ్‌లో చదువుతూ చూసిన తోకచుక్కకు ఆయన పేరూ, మరో ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు, అది ఆనవాయితీ. గ్రహం పేరు మాత్రం ఊరుమ్మడి సొత్తు. వెనీషియా దాన్ని ఊరుమ్మడిగానే ఇచ్చింది.

మరి లోపం ఎక్కడుంది? ప్రకటన జరిగిన ఏడు వారాలకే పేరు వచ్చేసింది. ఆ ఏడు వారాల్లో దాని కక్ష్య గురించి అనుమానం పెరుగుతూ వచ్చింది. మిగతా గ్రహాలన్నీ దాదాపు ఒకే తలంలో తిరుగుతుంటే ఇది పదిహేడు డిగ్రీలు వాలి తిరుగుతోంది, కొంతకాలం నెప్ట్యూన్ కక్ష్య లోపలికి కూడా వస్తుంది. ఇది ఏ జాతిది అని అడగాల్సిన సమయం అదే. సరిగ్గా అప్పుడే దేవుడి పేరు వచ్చి పక్కన కూర్చుంది. బృహస్పతి, శని వరసలో పీట వేశాక దాని జాతి ఏమిటని ఎవరూ గట్టిగా అడగలేదు. పేరు ఎంత అందంగా ఉంటే ప్రశ్న అంత గాఢంగా నిద్రపోతుంది. స్లైఫర్ సర్క్యులర్‌లో దాచిన ‘అనిపిస్తున్న’ అన్న మాటను ప్లూటో అన్న రెండక్షరాలు మింగేశాయి.

ఇప్పుడు ఎరిస్. బ్రౌన్ బృందం దానికి ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు ‘జీనా’. ఒక టీవీ సీరియల్ వీరనారి పేరు అది, ఇంగ్లీషులో ‘ఎక్స్’ అక్షరంతో మొదలవుతుంది, ప్లానెట్ ఎక్స్‌ను గుర్తుచేస్తుంది. దాని ఉపగ్రహం దొరికినప్పుడు ఆ సీరియల్‌లో జీనా చెలికత్తె గాబ్రియెల్ పేరు పెట్టుకున్నారు. అవి బయటికి పొక్కి పత్రికలకెక్కాయి. అసలు పేరు మాత్రం రాలేదు. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యలో గ్రహాలకు పేర్లు చూసే కమిటీ ఒకటి, చిన్న వస్తువులకు పేర్లు చూసే కమిటీ మరొకటి. ఇది ఏదో తేలితేగానీ ఏ కమిటీ పేరు పెట్టాలో తేలదు. ఇది ఏదో తేల్చాలంటే గ్రహమంటే ఏమిటో తేల్చాలి. అప్పటికి ఎవరూ రాసిపెట్టని నిర్వచనం అది.

మన ఇళ్లలో బిడ్డ పుట్టిన రోజునే పేరు పెట్టరు. పదకొండో రోజో ఇరవయ్యొకటో రోజో బారసాల చేస్తారు. పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పేరు రాస్తారు. అప్పటిదాకా చిట్టి, బుజ్జి, కన్నా. ఆ ముద్దుపేర్లతో ఇల్లంతా నిండిపోయినా అసలు పేరు కోసం పెద్దవాళ్లు కుదురుగా ఆగుతారు. జీనా అలాంటి ముద్దుపేరు. దాన్ని ఎవరూ అసలు పేరని పొరబడలేదు కాబట్టి ప్రశ్న మెలకువగానే ఉంది.

ఆ ప్రశ్న 2006 ఆగస్టులో ప్రాగ్ నగరంలో సమాఖ్య మహాసభ ముందుకు వచ్చింది. మొదటి ముసాయిదా గ్రహాల సంఖ్యను పన్నెండుకు పెంచింది. సిరీస్, ప్లూటో ఉపగ్రహం చారన్, ఇంకా పేరు లేని ఎరిస్ అందులో గ్రహాలు. వారం రోజుల వాదనలో ఆ ముసాయిదా కూలిపోయింది. ఆగస్టు 24న 424 మంది ఓటుతో నిర్వచనం వచ్చింది. సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుతో గుండ్రబడాలి, తన దారి పరిసరాలను తుడిచిపెట్టి ఉండాలి. మూడో షరతు దగ్గర ప్లూటో, ఎరిస్ రెండూ ఆగిపోయాయి. రెండింటికీ మరుగుజ్జు గ్రహాల వరసలో చోటు దొరికింది. ఆ తర్వాత, సెప్టెంబర్ 13న, అసలు పేరు వచ్చింది. ఎరిస్, గ్రీకుల కలహ దేవత. ఉపగ్రహానికి ఆమె కూతురు డిస్నోమియా పేరు. ప్రకటనకూ అసలు పేరుకూ మధ్య పదమూడున్నర నెలలు గడిచాయి.

ఇప్పుడు రెండు పేర్లనూ పక్కన పెట్టి చూద్దాం. ప్లూటో ఆ వస్తువు స్వభావం చెబుతుంది, ఎరిస్ మనుషుల తగువు చెబుతుంది. 1,450 కోట్ల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు 560 ఏళ్లు తీసుకునే మంచు గోళం మీద మన కొట్లాటను రాయడం నాకు అంతగా నచ్చదు. అంతకుముందు ఇదే బృందం క్వావర్ అనే మరో దూరపు వస్తువుకు పేరు పెట్టేటప్పుడు లాస్ ఏంజెలెస్ ప్రాంతపు ఆదివాసులైన టోంగ్వాల సృష్టికర్తను ఎంచుకుంది. సెడ్నాకు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్‌ల సముద్ర దేవతను, ఎరిస్ తర్వాత హౌమియాకు హవాయి దేవతను తెచ్చింది. ఆకాశంలో గ్రీకు రోమన్ పెత్తనాన్ని సడలించిన బృందం అది. వాటి పక్కన ఎరిస్ వెనక్కి వేసిన అడుగు. ఆ పేరు మీద పిల్లల చేతిముద్ర కూడా లేదు. పేరుగా ప్లూటో గొప్పది, ఒప్పుకుంటాను. నామకరణంగా ఎరిస్ గొప్పది. ఎందుకంటే ఆ పేరు రావడానికి ముందు ఒక ప్రశ్నకు జవాబు వచ్చింది.

పేరు తర్వాత

రెండు పుస్తకాలు ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపిస్తాయి. టాంబా, ప్యాట్రిక్ మూర్ కలిసి 1980లో ‘అవుట్ ఆఫ్ ది డార్క్‌నెస్: ది ప్లానెట్ ప్లూటో’ తెచ్చారు. బ్రౌన్ 2010లో ‘హౌ ఐ కిల్డ్ ప్లూటో అండ్ వై ఇట్ హ్యాడ్ ఇట్ కమింగ్’ రాశాడు. మొదటి పేరులో ‘గ్రహం’ ఉంది, చీకట్లోంచి వెలుగులోకి రావడం ఉంది. రెండో పేరులో ప్లూటోను చంపానన్న ఒప్పుకోలు ఉంది. రెండో పేరు చూసి బ్రౌన్‌ను ప్లూటోకు శత్రువనుకున్నవాళ్లు పుస్తకం లోపలికి వెళ్లలేదని నాకనిపిస్తుంది. ఆయన అందులో తన గ్రహాన్నీ వదులుకున్నాడు. ఎరిస్‌ను గ్రహమని నిలబెట్టగలిగితే, టాంబా తర్వాత గ్రహం కనుగొన్న తొలి మనిషిగా చరిత్రలో నిలిచేవాడు. ఆ పీట వద్దని, ప్లూటో గ్రహం కాకపోతే ఇదీ కాదని వాదించాడు. శాస్త్రజ్ఞుడి రాతలో అంత నిబ్బరం అరుదుగా చూస్తాం.

టాంబా వైపూ న్యాయంగా చూడాలి. ప్లూటో దొరికాక ఆయన మరో పదమూడేళ్లు అదే కష్టంతో ఆకాశం గాలించాడు, మరో గ్రహం దొరకలేదు. ఆయన టెలిస్కోపుకు అందనంత మసకగా వందల కొద్దీ మంచు గోళాలు అక్కడే తిరుగుతున్నాయని ఆ రోజుల్లో ఎవరికీ తెలిసే దారి లేదు. 1978లో చారన్ దొరికాక ప్లూటో బరువు భూమి బరువులో అర శాతం కూడా లేదని తేలింది. 1992లో ఆ ప్రాంతంలో మొదటి ఇరుగుపొరుగు వస్తువు దొరికింది. 1993లో, వాయేజర్ 2 వ్యోమనౌక కొలిచిన నెప్ట్యూన్ బరువుతో లెక్క మళ్లీ వేస్తే, యురేనస్ కదలికలో కనబడి లోవెల్‌ను వెతుకులాటకు పంపిన తేడాలే మాయమయ్యాయి. ప్లానెట్ ఎక్స్ ఎప్పుడూ లేదు. టాంబా ఓర్పు ఒక్కటే నిజం, అది లేని గ్రహాన్ని వెతికి ఉన్న లోకాన్ని పట్టింది. 1997లో ఆయన కన్నుమూశాడు. 2006 జనవరిలో బయల్దేరిన న్యూ హొరైజన్స్ ఆయన చితాభస్మంలో కొంత మోసుకెళ్లింది. ఆ నౌకలో ధూళిని కొలిచే పరికరానికి వెనీషియా పేరు పెట్టారు. నౌక బయల్దేరినప్పుడు ప్లూటో గ్రహం, చేరేసరికి కాదు. చేరాక చూపించిన నైట్రోజన్ మంచు మైదానం, నీటి మంచు కొండలు హోదాతో నిమిత్తం లేకుండా మనల్ని మౌనంగా నిలబెట్టాయి.

2006లో చాలామంది బాధపడ్డారు. ఆ బాధ నిజమైనది, దాన్ని తేలిక చేయకూడదు. కానీ ఆ బాధకు కారణం 2006 నాటి ఓటు అనుకోవడం పొరపాటు. 1930లో ఏడు వారాలకే ముగించిన నామకరణం డెబ్బై ఆరేళ్ల తర్వాత కట్టించిన వడ్డీ అది.

గ్రహం అనే మాట

ఈ తగువు ఇంగ్లీషులో జరిగింది. తెలుగులో ఆలోచిస్తే మూడో షరతు మరింత బాగా అర్థమవుతుంది. ఇంగ్లీషు మాటకు మూలమైన గ్రీకు మాట తిరుగాడేదాన్ని సూచిస్తుంది. ఆ లెక్కన ప్లూటో, ఎరిస్, వేల కొద్దీ రాళ్లు అన్నీ తిరుగుతున్నవే. మన ‘గ్రహం’ వేరే మూలం నుంచి వచ్చింది. దాని ధాతువుకు అర్థం పట్టుకోవడం. గ్రహణం పడుతుంది. శని పట్టుకుంటుంది. మన నవగ్రహాల్లో సూర్యచంద్రులున్నారు, కంటికి కనిపించని రాహుకేతువులున్నారు, భూమి లేదు. ఎందుకంటే ఆ జాబితా మనిషిని పట్టేవాటిది. ఖగోళ శాస్త్రంలో ఆ నమ్మకానికి చోటు లేదు. మాటలోని పోలికకు మాత్రం చోటుంది. తన దారి పరిసరాల మీద పట్టున్నదే గ్రహమని ప్రాగ్ నిర్వచనం చెబుతోంది. గురుడికి ఆ పట్టుంది, భూమికి ఉంది. ప్లూటోకు లేదు, అది నెప్ట్యూన్ పట్టులో ఉంది, నెప్ట్యూన్ మూడుసార్లు తిరిగేసరికి ఇది సరిగ్గా రెండుసార్లు తిరుగుతుంది. గ్రహించడం అన్నా పట్టుకోవడమే. వస్తువును ముందు గ్రహించాలి, తర్వాత దాన్ని గ్రహమనాలి. 1930లో ఈ వరస తిరగబడింది, 2006లో సరిదిద్దబడింది.

పేర్లు పంచుకునే పద్ధతి కూడా ఇప్పుడు మారుతోంది. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలకు పేర్లు సూచించమని 2019లో సమాఖ్య దేశదేశాలను అడిగింది. మన దేశానికి వచ్చిన నక్షత్రానికి భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరు మీద ‘బిభా’ అని, దాని గ్రహానికి ‘సంతమస’ అని పెట్టారు. సంతమసం అంటే అంతటా కమ్ముకున్న చీకటి అని మన నిఘంటువుల్లో ఉంది. కావ్యాలు చదివిన తెలుగువాడికి పరాయిగా వినిపించని మాట అది. వెనీషియా ఒంటరిగా చేసిన పనిని ఇప్పుడు ఎందరో పిల్లలు, పెద్దలు చేయగలుగుతున్నారు. ఆ గ్రహాన్ని చాలాముందే కనుగొని కొలిచారు, పేరు ఆ తర్వాత వచ్చింది. ప్లూటో కథలోని ఆప్యాయత, ఎరిస్ కథలోని ఓపిక రెండూ ఒకచోట చేరిన సందర్భం అది.

రాబోయే బారసాల

ఇప్పుడు మూడోది ఒకటి ఎదురుచూస్తోంది. 2016 జనవరిలో కాన్‌స్టాంటిన్ బాటిగిన్‌తో కలిసి మైక్ బ్రౌన్ ఒక లెక్క ప్రచురించాడు. నెప్ట్యూన్‌కు బాగా అవతల తిరిగే కొన్ని వస్తువుల కక్ష్యలు ఒకే వైపు ఒరిగి ఉన్నాయని, వాటిని ఒరగబెడుతున్నది భూమికి పది రెట్ల బరువున్న, ఇంతవరకూ కనబడని గ్రహం కావచ్చని ఆ లెక్క. తర్వాత వాళ్లే ఆ బరువును ఆరు రెట్ల దగ్గరికి తగ్గించారు. ఆ ఒరుగు నిజమైనది కాదని, టెలిస్కోపులు కొన్ని దిక్కులే ఎక్కువ చూడటం వల్ల అలా కనబడుతోందని వాదించేవాళ్లూ ఉన్నారు. 2025లో తొలి చిత్రాలు విడుదల చేసిన చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీ కొన్నేళ్లలో ఆ వాదనను చాలావరకు తేల్చగలదని ఆశ.

దానికి ఇప్పుడున్నది ‘ప్లానెట్ నైన్’ అన్న ముద్దుపేరు మాత్రమే. ఆ తొమ్మిదో అంకెలోనే ప్లూటో గురించిన తీర్పు ఒకటి దాగి ఉంది, దాన్ని ఒప్పుకోనివాళ్లు ఆ పేరునూ ఒప్పుకోరు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్లూటోను చుక్కగా చూసి గ్రహమన్నారు, దాని పట్టును తర్వాత కొలిచారు. ఎరిస్ విషయంలోనూ అంతే. ఈసారి పట్టు ముందు కనబడింది, చుక్క ఇంకా కనబడలేదు. అది నిజంగా ఉంటే, మొదటి రోజు నుంచే గ్రహం.

అయినా దొరికిన రోజున మనం చేయాల్సింది స్లైఫర్ చేసినదే. మనకు తెలిసినంతే చెప్పే శీర్షిక ఒకటి రాయాలి. ఆ తర్వాత చేయాల్సింది ప్రాగ్‌లో జరిగిందే. అది ఏమిటో, ఎక్కడ పుట్టిందో, ఎవరిని పట్టి ఒరగబెడుతోందో కొలిచేదాకా ముద్దుపేరుతోనే పిలవాలి. పేరు ఎవరైనా సూచించవచ్చు, ఫలహారం బల్ల దగ్గర కూర్చున్న ఏ ఊరి పాపైనా సరే. తొందర మాత్రం ఎవరికీ వద్దు.

ఎందుకంటే తొందర దానికి లేదు. 1915 నాటి లోవెల్ ఫలకం మీద ప్లూటో ఉన్నట్టే, 1954 ఫొటోలో ఎరిస్ ఉన్నట్టే, ఈ మూడోది కూడా ఏదో ఒక అబ్జర్వేటరీ ఫలకంలోనో, ఏదో ఒక కంప్యూటర్ డిస్కులోనో ఇప్పటికే పడి ఉండొచ్చు. పేరు లేకపోవడం వల్ల దానికి ఏ లోటూ లేదు. బియ్యం పరిచిన పళ్లెం సిద్ధంగా ఉంచుకుందాం. ఉంగరం చేతికి తీసుకునే ముందు బిడ్డ ముఖం ఒకసారి బాగా చూద్దాం.